‘ఆ రోజు మీరెక్కడున్నారు?’ – 1984, 1991 జ్ఞాపకాలు రికార్డు చేసేటప్పుడు ఏం అడగాలి, ఏం సరిచూడాలి

గుమ్మం
అందరికీ నమస్కారం. మా శాఖా గ్రంథాలయం తరఫున ఒక పని తలపెట్టాం. ఇందిరాగాంధీ హత్య (1984 అక్టోబరు 31), రాజీవ్‌గాంధీ హత్య (1991 మే 21) వార్తలు ఊళ్లోకి ఎలా వచ్చాయి, విన్నప్పుడు ఎవరు ఏ పనిలో ఉన్నారు అన్నది యాభై అయిదు దాటిన నలభై మంది నోట రికార్డు చేయాలి. చేతిలో ఉన్నది ఇద్దరు డిగ్రీ పిల్లలు, రెండు ఫోన్లు, నెల రోజులు. ప్రశ్నలు ఎలా వేయాలి? చెప్పినదాంట్లో ఆనాటిది ఏది, తర్వాత వచ్చి కలిసింది ఏది అని ఎలా పట్టుకోవాలి? ఈ పని ఎరిగినవాళ్లు చెప్పగలరు.

పాతరేడియో
గుమ్మం గారూ, మంచి పని. ముందు ఆ రెండు రోజుల్లో ఏ గంటకు ఏం జరిగిందో ఒక కాగితం మీద వేసుకోండి.

1984 అక్టోబరు 31 బుధవారం. పొద్దున 9.20 ప్రాంతంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ఇంటి నుంచి, పక్కనే అక్బర్ రోడ్డు వైపున్న ఆఫీసుకు నడిచి వెళ్తుంటే కాల్పులు. ఎయిమ్స్‌కు తీసుకెళ్లారు. చనిపోయినట్టు డాక్టర్లు తేల్చింది మధ్యాహ్నం 2.20 దాటాక. ఆకాశవాణి ఆ మాట అధికారికంగా చెప్పింది సాయంత్రం ఆరు ప్రాంతంలో. బీబీసీ అంతకు గంటల ముందే చెప్పేసింది. ఆ సాయంత్రమే రాజీవ్ ప్రమాణస్వీకారం. నవంబరు 3 శనివారం అంత్యక్రియలు, దూరదర్శన్‌లో ప్రత్యక్ష ప్రసారం.

అంటే ఆ పగలంతా రెండు వేర్వేరు వార్తలు తిరిగాయి. ‘కాల్చారు’ ఒకటి, ‘పోయింది’ ఇంకొకటి. పెద్దవాళ్లకు ఈ రెండూ ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. కాబట్టి ‘మొదట చెవిన పడిన మాట ఏమిటి?’ అని అడిగించండి. ‘కాల్చారు’ అన్న మాటే గుర్తున్నవాళ్లకు వార్త పగలే అందినట్టు. ‘పోయింది’ దగ్గర మొదలుపెట్టినవాళ్లకు సాయంత్రమో రాత్రో తెలిసి ఉంటుంది. లేదంటే దగ్గర్లో ఎవరో బీబీసీ పట్టి ఉంటారు.

1991 లెక్క వేరు. మే 21 మంగళవారం రాత్రి 10.20 ప్రాంతంలో శ్రీపెరంబుదూరులో పేలుడు. ఆ వేళకు పల్లెలు నిద్రలో ఉంటాయి. చాలామందికి తెలిసింది బుధవారం తెల్లారాకే. ‘ఆ రాత్రి మీరెక్కడున్నారు?’ అని అడిగితే పాపం ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెబుతారు. ‘మర్నాడు లేచాక మొదట ఎవరు కనబడ్డారు?’ అన్నదే సరైన ప్రశ్న.

ఈ కాగితం అడిగేవాళ్ల జేబులో ఉండాలి. చెప్పేవాళ్ల కంట పడకూడదు.

చెప్పుడుమాట
పాతరేడియో గారి చివరి మాటకు ఇంకో మాట కలుపుతాను. వివరాలు మన నోట ముందు రాకూడదు. ‘బస్సులు ఆగిపోయాయి కదండీ?’ అన్నామా, అయిపోయింది. ఇక వాళ్ల జ్ఞాపకంలో బస్సులు ఆగే ఉంటాయి. ‘తర్వాత?’ అన్న ఒక్క మాట చాలు. అది అని అయిదారు సెకన్లు నోరు మూసుకుని కూర్చోవాలి. పిల్లలకు కష్టమైన భాగం ఇదే. నిశ్శబ్దం భరించలేక వాళ్లే మాట అందిస్తారు. ముందు ఒకరినొకరు అడిగించి సాధన చేయించండి.

హత్య మాటతో మొదలుపెట్టొద్దు. ఆ ఏడాది ఇల్లు ఎక్కడ, ఏ పని, ఇంట్లో ఎందరు, రేడియో ఉందా అన్నవి పది నిమిషాలు మాట్లాడించి అప్పుడు ఆ రోజులోకి దిగండి. దిగాక ఈ వరసలో వెళ్తే బాగుంటుంది: ఎక్కడున్నారు, చేతిలో ఏ పని ఉంది, ఎవరు చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు, పక్కవాళ్లు ఏమైపోయారు, మీకేమనిపించింది, ఆ పని పూర్తి చేశారా మధ్యలో వదిలేశారా, ఆ రాత్రి పొయ్యి వెలిగిందా. చివరి రెండు ప్రశ్నల్ని తేలిగ్గా తీసుకోవద్దు. పేపర్లో చదివో టీవీలో చూసో కలిసే వివరాలు కావవి. సొంత జ్ఞాపకమే అయితే అక్కడ బయటపడుతుంది.

భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెట్టొద్దు. ఆయన ‘కాదే, అది సాయంత్రం’ అంటాడు, ఆవిడ ‘సరే సాయంత్రమే’ అంటుంది, అక్కడితో ఆవిడ జ్ఞాపకం పోయినట్టే. రచ్చబండ దగ్గర గుంపుగా అడగడం అంతకన్నా నష్టం. విడివిడిగా రికార్డు చేశాక, కావాలంటే చివర్లో ఒకసారి అందరినీ కలపండి.

స్వాతికార్తె
తేదీ గుర్తులేని రైతుల దగ్గర కార్తెలతో పని నడుస్తుంది. ఇవి సూర్యుడి లెక్క కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. అక్టోబరు 31 స్వాతి కార్తె. మే 21 కృత్తిక కార్తె చివర, మరో నాలుగు రోజుల్లో రోహిణి. 1984 అక్టోబరు రక్తాక్షి నామ సంవత్సరంలో, దీపావళి (అక్టోబరు 24) వెళ్లిన వారానికి, కార్తిక మాసం. 1991 మే ప్రజోత్పత్తి నామ సంవత్సరం. ఆ ఏడు అధిక వైశాఖం వచ్చింది, 21వ తేదీ నిజ వైశాఖ శుద్ధం.

చంద్రుణ్ణి కూడా అడగొచ్చు. 1991 మే 21 రాత్రి ఉన్నది సగం చంద్రుడు, పున్నమి ఇంకా వారం ఉంది. ‘పండు వెన్నెల్లో ఆరుబయట పడుకుని ఉంటే రేడియోలో చెప్పారు’ అంటే ఆ రాత్రి మీద ఇంకో రాత్రి వచ్చి కూర్చుందన్నమాట.

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే పొరపాటు ఒకటుంది. ‘రాజీవ్‌గాంధీ చనిపోయినప్పుడు బడిలో ఉన్నాం, గంట కొట్టి ఇంటికి పంపేశారు’ అంటారు. మే 22న ఇక్కడ బళ్లు వేసవి సెలవుల్లో ఉంటాయి. గంట కొట్టి పంపింది 1984లో, బుధవారం. తల్లి జ్ఞాపకం మీద కొడుకు పేరు పడిందంతే. నిజంగా 1991దే అయితే దాని పక్కన ఆవకాయ జాడీ, మామిడి తోట కాపలా, ఎన్నికల జీపు, అమ్మమ్మగారి ఊరు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది.

కృష్ణా జిల్లా వైపు 1990 మే 9 నాటి తుఫాను కూడా 1991 మేతో కలిసిపోతుంది. నెల్లూరు వైపు 1984 నవంబరు మధ్యలో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను ఇందిర వార్తతో కలిసిపోతుంది. ‘గాలివాన ముందా, వార్త ముందా?’ అని అడిగితే చాలామంది తామే సర్దుకుంటారు.

గుమ్మం
ఎంత ఉపయోగమో చెప్పలేను. ముగ్గురితో మాట్లాడి చూశాం, అప్పుడే ఒక చిక్కు వచ్చింది. ఒకాయన ‘పదకొండింటికే బీబీసీ తెలుగు వార్తల్లో విన్నాం’ అని గట్టిగా చెబుతున్నారు. ఇంకొకరు 1984లో మండలాఫీసు దగ్గర విన్నానంటున్నారు. ఇవి ఎలా రాసుకోవాలి?

పాతరేడియో
బీబీసీ తెలుగు మొదలైంది 2017 అక్టోబరులో. 1984లో ఆయన బీబీసీ వినే ఉంటే అది హిందీలోనో తమిళంలోనో ఇంగ్లిషులోనో అయి ఉండాలి. అబద్ధం అనుకోవద్దు. ఇంగ్లిషు వచ్చిన మాస్టారొకరు విని అక్కడికక్కడే తెలుగులో చెబితే, నలభై ఏళ్లకు అది ‘తెలుగు వార్తలు’గా స్థిరపడుతుంది. ‘సెట్టు ఎవరిది? ట్యూనింగు తిప్పింది ఎవరు?’ అని అడగండి, మాస్టారు బయటికి వస్తారు.

సెట్టు గురించి తప్పకుండా అడగాలి. బీబీసీ వచ్చేది షార్ట్‌వేవ్‌లో. మీడియం వేవ్ ఒక్కటే ఉన్న చిన్న ట్రాన్సిస్టర్లో అది రాదు. పాత మర్ఫీనో ఫిలిప్సో బుష్షో ఇంట్లో ఇంకా ఉంటే తెప్పించి డయల్ చూడండి. ఒకే స్కేలా, రెండు మూడు వరసలున్నాయా అన్నది రాసుకుని ఫోటో తీయండి. పోస్టాఫీసు ముద్రలున్న రేడియో లైసెన్సు పుస్తకం దొరికితే అదీ ఫోటో తీయండి.

టీవీకి ఇదే జాగ్రత్త. 1984లో ఊరూరా రిలే ట్రాన్స్‌మిటర్లు పెడుతున్న రోజులు. మీ దగ్గరి టౌనుకు ఆ అక్టోబరుకు వచ్చిందా, తర్వాత వచ్చిందా చూసుకోండి. 1991లో దూరదర్శన్ తప్ప తెలుగు ఛానల్ లేదు, అవి వచ్చింది 1995 నుంచి. ‘ఆ రాత్రే టీవీలో పేలుడు చూశాం’ అన్నది తర్వాత చూసిన ఫోటోల వల్ల వచ్చింది. అక్కడే చనిపోయిన ఫోటోగ్రాఫర్ కెమెరాలో దొరికిన ఆ ఫోటోలు పేపర్లకెక్కింది కొన్ని రోజుల తర్వాతే.

స్వాతికార్తె
మండలాలు వచ్చింది 1985లో. 1984 అక్టోబరులో ఉన్నవి తాలూకాఫీసు, సమితి ఆఫీసు. అదే కట్టడంలోకి తర్వాత మండలాఫీసు వచ్చి ఉంటే ఆయన చెప్పిన చోటు సరైనదే, పేరొక్కటే మారింది. కట్టడాన్ని అడగండి, పేరును కాదు. ఇలాగే ‘మునసబు గారు చాటింపు వేయించారు’ అంటారు. ఆ ఉద్యోగాలు 1984 జనవరిలోనే రద్దయ్యాయి, కానీ ఊరు వాళ్లను చాలా ఏళ్లు అలాగే పిలిచింది. దాన్ని తప్పుగా లెక్కేయొద్దు. ఎస్టీడీ బూతు మాత్రం 1984 కథలో కనబడితే అనుమానించాలి. అది 1991 నాటి వస్తువు.

నిక్కచ్చి
ఇన్ని తప్పులు తేలాక ఆ రికార్డింగులతో ఏం ప్రయోజనం? తేదీ, వేళ, మాధ్యమం మూడూ సరిపోయినవే ఉంచి మిగతావి పక్కన పెట్టేయాలని నా అభిప్రాయం. లేకపోతే రేపు ఎవరో దాన్నే చరిత్ర అని ఎత్తి రాస్తారు.

చెప్పుడుమాట
నిక్కచ్చి గారూ, అలా చేస్తే మీ దగ్గర మిగిలేది పేపర్లో ఎలాగూ ఉన్న సమాచారమే.

ఈ ప్రశ్న పాతది. 1899లో కోల్‌గ్రోవ్ అనే అమెరికన్ పరిశోధకుడు లింకన్ హత్య వార్త విన్నప్పుడు ఎక్కడున్నారని 179 మందిని అడిగాడు. ముప్పై ఏళ్లు దాటినా 127 మంది వివరంగా చెప్పారు. 1977లో బ్రౌన్, కులిక్ అనే మనస్తత్వ పరిశోధకులు ప్రధానంగా కెనెడీ హత్య జ్ఞాపకాలు తీసుకుని, ఇలాంటి జ్ఞాపకం ఫోటో తీసినట్టు ముద్ర పడుతుందన్నారు. తర్వాత నైసర్, హార్ష్ అది సరిచూశారు. 1986 జనవరిలో ఛాలెంజర్ అనే అమెరికా అంతరిక్ష నౌక పేలిన మర్నాడే విద్యార్థుల చేత రాయించి, సుమారు రెండున్నరేళ్లకు మళ్లీ అడిగారు. చాలామంది చెప్పింది మారిపోయింది, తమ చేతిరాత చూపించినా కొందరు ఒప్పుకోలేదు. 2001 సెప్టెంబరు 11 జ్ఞాపకాల మీద తలారికో, రూబిన్ తేల్చింది ఇంకా సూటిగా ఉంది. ఇవి మామూలు జ్ఞాపకాల లాగే చెదిరిపోతాయి, చెదరనిది నమ్మకం ఒక్కటే.

కాబట్టి గట్టిగా చెప్పారు కదా అని నిజమనుకోవద్దు. అలాగని పారేయనూ వద్దు. బడి గంటను 1991కి మోసుకెళ్లిన మనిషి దగ్గర, 1984లో ఆ బడి గంట ఎవరు కొట్టారో, పిల్లలు ఏ దారిన ఇళ్లకు వెళ్లారో ఉంటుంది. అది ఏ పేపర్లోనూ దొరకదు. మాటను మాటగా ఉంచి, పక్కన మన గమనిక రాయాలి. మాటలో వేలు పెట్టకూడదు.

రాసేటప్పుడు ప్రాణం పెట్టి కాపాడవలసింది ‘అట’. మన భాష మనకిచ్చిన కొలబద్ద అది. నమూనా కోసం ఒక ముక్క రాస్తున్నాను, ఎవరిదీ కాదు:

‘పత్తి ఏరుతున్నం. పొద్దు ఇంక గూకలే. సైకిల్ మీద మా పెదబాపు వచ్చిండు. ఇందిరమ్మను కాల్చిండ్రట అన్నడు. చేన్లకెళ్లి అందరం వచ్చేసినం. పట్నంల దుకాండ్లు బందు వెట్టిండ్రు. పంచాయతి కాడ రేడియో వెట్టిండ్రు, పోయిందని చెప్పిండ్రు.’

‘కాల్చిండ్రట’ పెదబాపు మాట. ‘వచ్చేసినం’ సొంత పని. ‘దుకాండ్లు బందు వెట్టిండ్రు’ దగ్గర ఆగాలి. చేన్లో ఉన్న మనిషి పట్నం దుకాణాలు చూసే వీల్లేదు, పైగా అక్కడ ‘అట’ లేదు. తర్వాత విన్నది చూసినట్టుగా మారింది ఇక్కడే. ఇక ‘పోయిందని చెప్పిండ్రు’ పొద్దు గూకే వేళకు సరిపోతుంది, ఆకాశవాణి చెప్పిన వేళ అదే. రాసే పిల్లలు భాష బాగుచేస్తున్నామనుకుని ‘కాల్చారు’ అని మార్చేస్తే ఇదంతా పోతుంది. యాస యాసగానే ఉండాలి.

మంజీర
ఉమ్మడి మెదక్ జిల్లా వాళ్లను అడిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఇందిర 1980లో రాయ్‌బరేలీ, మెదక్ రెండుచోట్లా గెలిచి మెదక్ ఉంచుకున్నారు. చనిపోయేనాటికి ఆమె ఇక్కడి ఎంపీ. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీకి 1984 జులైలో శంకుస్థాపన చేసిందీ ఆమే. అందుకే సంగారెడ్డి చుట్టుపక్కల ‘పోయే ముందు వారమే చూసినం’ అని వినబడుతుంది. అది మూడు నెలల వెనకటి జ్ఞాపకం దగ్గరికి జరగడం. వానాకాలమా, చలి మొదలైందా అని అడిగితే విడిపోతుంది.

విశాఖ వాళ్లకు దీనికి తిరగేసిన సంగతి. రాజీవ్ మే 21న విశాఖలో ప్రచారం ముగించుకునే విమానంలో మద్రాసు వెళ్లారు, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో దిగారు. ‘ఆ రోజే చూశాం’ అని విశాఖలో ఎవరైనా అంటే అది నిజం కావచ్చు. తోసిపారేయకుండా ఎక్కడ నిలబడి చూశారో, ఎంత దూరం నుంచో అడగండి.

అట్లాంటా
విదేశాల్లో ఉన్నవాళ్లను ఫోన్లో అడిగేట్టయితే తేదీతో జాగ్రత్త. ఇందిర మీద కాల్పుల వేళకు అమెరికా తూర్పు తీరంలో అక్టోబరు 30 మంగళవారం రాత్రి 10.50, కాలిఫోర్నియాలో 7.50. అక్కడివాళ్లు ‘30వ తేదీ’ అంటే దిద్దకండి. రాజీవ్ మీద పేలుడు వేళకు తూర్పు తీరంలో మే 21 మధ్యాహ్నం 12.50, దుబాయ్‌లో రాత్రి 8.50. పల్లెలో ఉన్న తల్లిదండ్రుల కన్నా ముందు వీళ్లకే తెలిసి ఉండే వీలుంది. ఇంటికి కబురు వెళ్లిందా అన్నది అడగదగ్గ ప్రశ్న.

మైకుసెట్టు
రికార్డింగు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వేవ్ ఫైలుగా రికార్డయ్యే యాప్ పెట్టుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో అయితే గంటకు సుమారు 520 ఎంబీ. నలభై మందికి తలా గంట అంటే 21 జీబీ దాకా. ముందే ఫోన్లో ఖాళీ చూసుకోండి.

కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టాలి. చీర కుచ్చిళ్లకో పమిట అంచుకో పెడితే ప్రతి కదలికకూ గరగర వస్తుంది. పమిట పిన్ను పెట్టే చోట గట్టిగా బిగించండి. ఫ్యాను ఆపాలి. ఎండాకాలంలో అది కష్టమే కాబట్టి పన్నెండు పదిహేను నిమిషాలకోసారి ఆగి, ఫ్యాను వేసి, మంచినీళ్లిచ్చి మళ్లీ మొదలుపెట్టండి. ఖాళీ హాల్లో గొంతు గింగురుమంటుంది, బట్టలూ పరుపులూ ఉన్న గది మేలు. వంటింట్లో కుక్కరు ఉందేమో ముందే కనుక్కోండి.

ఫైళ్లు వాట్సాప్‌లో మామూలు ఆడియోగా పంపొద్దు, కుదించేస్తుంది. కేబుల్‌తో కంప్యూటర్లోకి, అక్కడి నుంచి వేరే రెండు డిస్కుల్లోకి, అదే రోజు. ఫైలు పేరు రికార్డు చేసిన తేదీతో మొదలవ్వాలి, తర్వాత ఊరు, వరస సంఖ్య. మనిషి పేరు వేరే పుస్తకంలో ఉంచండి. గంట మాటలు కాగితం మీద పెట్టడానికి అయిదారు గంటలు పడుతుంది. నెలలో నలభై మంది అంటే ఇద్దరి వల్ల కాదు, పదిహేను మందితో మొదలుపెట్టండి.

అత్తాపూర్
హైదరాబాదులో సిక్కు కుటుంబాలు 1830ల నుంచి ఉన్నాయి. మీ జాబితాలో వాళ్లుంటే ఈ ప్రశ్నలు యథాతథంగా వాడొద్దు. ఢిల్లీలో ఇందిర హత్య తర్వాతి రోజుల్లో జరిగిన దాడుల్లో చంపబడ్డ సిక్కులు సర్కారు లెక్క ప్రకారమే 2,733 మంది. వాళ్లకు ‘ఆ రోజు’ అంటే అక్టోబరు 31 ఒక్కటే కాదు. ‘ఆ వారం’ అని అడగండి. ఆ వారం ఢిల్లీ వైపు రైళ్లలో ప్రయాణించిన తెలుగువాళ్లకూ ఇదే వర్తిస్తుంది, స్టేషన్లలో చూసింది చెప్పడానికి వాళ్లు తటపటాయిస్తారు. పేరు బయటపెట్టాలా, గొంతు వినిపించాలా, రాతలో మాత్రమే ఉంచాలా అన్న మూడూ వేర్వేరుగా అడిగి, జవాబు రికార్డింగులోనే చెప్పించండి. ఇంటికి వెళ్లాక మనసు మారితే తీసేయించుకోవడానికి నెల గడువివ్వండి. మాట ఆగిపోతే అక్కడ ‘తర్వాత?’ అనొద్దు. రికార్డింగు ఆపేయండి.

నిక్కచ్చి
చెప్పుడుమాట గారూ, ‘అట’ గురించి మీరు రాసింది చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం పట్టుబడతాను. గమనికలు ఎడమ పక్క మార్జిన్‌లో వేరే రంగులో, రాసినవాళ్ల పొడి అక్షరాలతో, తేదీతో ఉండాలి. ఆరు వారాలు ఆగి కనీసం అయిదుగుర్ని అవే ప్రశ్నలతో మళ్లీ అడగాలి. రెండోసారి ఏది మారింది, ఏది మారలేదు అన్నది కూడా దాచాలి.

గుమ్మం
తప్పకుండా. పదిహేను మందికి తగ్గించాం, రెండో విడత కూడా పెట్టాం. ఆఖరుగా ఒకటి. తొంభై దాటిన ఇద్దరు గాంధీజీ హత్య రోజు కూడా చెబుతామంటున్నారు. ఒకరిది గుంటూరు వైపు, ఒకరిది అప్పటి నిజాం ఇలాకా.

పాతరేడియో
ముందు వాళ్లిద్దరి దగ్గరికే వెళ్లండి, రేపే. 1948 జనవరి 30 శుక్రవారం, సాయంత్రం 5.17. ఆకాశవాణి ఆరింటికి చెప్పింది. గుంటూరాయన ‘బెజవాడ రేడియో’ అంటే గమనిక రాసుకోండి. విజయవాడ కేంద్రం మొదలైంది ఆ ఏడు డిసెంబరు 1న, అంతకు ముందు తెలుగు వినబడింది మద్రాసు నుంచి. నిజాం ఇలాకా ఆయనకు హైదరాబాదులో ఉన్నది దక్కన్ రేడియో. ఆయన ఫసలీ (నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క) ప్రకారం 1357 అంటే తికమక పడొద్దు, అక్కడ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది. జనవరి నెలకు 591 కలపండి, 1948 వస్తుంది. పోలీసు చర్య అదే ఏడు సెప్టెంబరులో జరిగింది కాబట్టి రెండూ కలగలుస్తాయి. ‘రజాకార్లు ఊళ్లో ఉన్నారా, వెళ్లిపోయారా?’ అని అడిగితే విడిపోతాయి. ఒక్కసారికి ఇరవై నిమిషాలు మించనీయకండి, పొద్దున పూట వెళ్లండి.